ఆరో పెట్టె దాకా

గోడలకూ స్తంభాలకూ తగిలించిన ప్లాస్టిక్ పెట్టెలు తొమ్మిది. నా సంచిలో ఒక ల్యాప్‌టాప్, ఒక కేబుల్, రెండు స్క్రూడ్రైవర్లు, పదహారు బ్యాటరీలు, ఒక గొడుగు, ఒక నోటుపుస్తకం. మనుషులు ఐదుగురు: ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నర్సింహ, అతని భార్య సుజాత, ఆ అపార్ట్‌మెంట్ సెక్రటరీ సుబ్బారావు గారు, అరటిపండ్లు అమ్మే అంజమ్మ, నేను. లేని మనిషి ఒకరు: నర్సింహ తల్లి బాలమ్మ. నేను వెళ్ళేసరికి ఆమె పోయి పంతొమ్మిది రోజులైంది.

మాది విశాఖలో ఆరుగురు పనిచేసే చిన్న సంస్థ. హైదరాబాద్ తూర్పున ఉన్న కొన్ని కాలనీల సంఘాలు కలిసి మా చేత వరద హెచ్చరిక ఏర్పాటు చేయించుకున్నాయి. మొదటి పెట్టె మీర్‌పేట్ చెరువు తూము దగ్గర నీటిమట్టం కొలుస్తుంది. నీరు ఎర్రగీత దాటితే రేడియో ద్వారా పక్క పెట్టెకు కబురు చెబుతుంది. అది ఇంకో పెట్టెకు, అది ఇంకోదానికి. అలా చేతులు మారి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాబా మీదున్న తొమ్మిదో పెట్టెకు చేరితే, అక్కడి నుంచి వాచ్‌మన్ల ఫోన్లకు మెసేజ్ వెళుతుంది: ‘వరద వస్తోంది. సెల్లార్ ఖాళీ చేయండి.’ ఏ పెట్టెకూ కరెంటు లేదు, తొమ్మిదోదానికి తప్ప. మిగతావన్నీ బ్యాటరీ మీదే బతకాలి. ఏ పెట్టె ఎవరికి చెప్పాలి, ఎంత ఓపిక ఖర్చుపెట్టి చెప్పాలి అన్న లెక్క రాసింది నేను. విశాఖలో నా బల్ల దగ్గరే రాశాను. ఆ పెట్టెలున్న వీధులు అప్పటికి నేను చూడలేదు.

బాలమ్మ సెల్లార్లో మునిగి చనిపోయింది. మెసేజ్ వచ్చిందా, రాలేదా అన్నది తేల్చడానికి నన్ను పంపారు.

ఎల్‌బీ నగర్

బస్సు తెల్లారాక దింపింది. ఆంధ్ర వైపు నుంచి వచ్చే బస్సులన్నీ ఇక్కడ సగం ఖాళీ అవుతాయి. ఫ్లైఓవర్ కింద సూట్‌కేసులు, పచ్చళ్ళ డబ్బాలు, నిద్రమొహాలు. పక్కనే మెట్రో చివరి స్టేషన్. ఒకే తోపుడుబండి దగ్గర రెండు రకాల తెలుగు వినిపించింది. ఒకాయన “ఇంకో రెండిడ్లీ వెయ్యండి” అన్నాడు. పక్కాయన “జర పల్లి చట్నీ ఎక్కువెయ్యి, కారం తక్వ” అన్నాడు. బండాయన ఇద్దరికీ ఇద్దరి భాషలోనూ జవాబు చెప్పాడు. ప్లేటు నలభై రూపాయలు. మా విశాఖలో అల్లం చట్నీ అడక్కుండానే వేస్తారు. ఇక్కడ అడిగితే, “అల్లం చట్నీ గావాల్నంటే పెసరట్టు తినాలె సార్, ఇడ్లీకి ఇయ్యం” అన్నాడు. ఇది నియమమా, ఆయన సొంత పంతమా అన్నది తేల్చుకోలేకపోయాను.

మీర్‌పేట్

ఆటోవాడు నన్ను చెరువుకు అవతలి ఒడ్డున దింపేశాడు. కట్ట మీదుగా నడుస్తూ, ఎండిన మట్టి అనుకుని వేసిన అడుగు మోకాలి దాకా దిగింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. పక్కనే గేదెలను కడుగుతున్న ఒకాయన నవ్వకుండా, “గా చెప్పు దొరకది. మొన్న గా బురదల స్కూటరే పాయె” అన్నాడు. దగ్గరి దుకాణంలో నూటయాభైకి హవాయి చెప్పులు కొన్నాను. మూడు రోజులూ వాటితోనే తిరిగాను.

పెట్టెలకు కొంచెం జ్ఞాపకం ఉంటుంది. మూత తీసి కేబుల్ పెడితే, ఎప్పుడు ఏమి విన్నది, ఎవరికి చెప్పింది అన్న జాబితా వస్తుంది. మొదటి పెట్టెలో ఆ రోజు జాబితా చెక్కుచెదరకుండా ఉంది. మధ్యాహ్నం మూడు నలభై రెండుకు నీరు ఎర్రగీత దాటింది. అప్పటినుంచి రెండు నిమిషాలకోసారి, నీరు మళ్ళీ గీత కిందికి దిగిన ఐదూ రెండు దాకా కబురు వెళ్ళింది. రెండో పెట్టె విన్నది, చెప్పింది. మూడోది విన్నది, చెప్పింది. నాలుగోది కూడా. అన్నిట్లోనూ అవే అంకెలు.

నాకు ఊరట కలిగిందని ఒప్పుకోవాలి. నా లెక్క పనిచేసింది. ఆ సాయంత్రం లాడ్జి పక్కన పరోటా, కోడికూర కడుపునిండా తిన్నాను. మా మేనేజరుకు ‘నాలుగు దాకా అంతా సవ్యం’ అని రాశాను. కబురు సవ్యంగా వెళ్ళిందంటే తప్పు ఫోన్ చూసుకోనివాడిదవుతుందని నాకు తెలుసు. ఆ తప్పు మోయాల్సిన మనిషిని నేనింకా చూడలేదు.

కట్ట కింద

సరూర్‌నగర్ చెరువు కట్టకు దిగువన, మీర్‌పేట్ వైపు నుంచి నీళ్ళు మోసుకొచ్చే నాలా పక్కన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. సుబ్బారావు గారు నన్ను మూడో అంతస్తులో కూర్చోబెట్టారు. తెనాలి వైపు నుంచి ముప్పై ఏళ్ళ కిందట వచ్చి, ఇక్కడే రిటైరైన మనిషి. ఫిల్టర్ కాఫీ ఇచ్చారు.

“చూడండి బాబూ, నాలుగు కార్లు పోయాయి. నాలుగు! అందులో ఒకటి కొత్తది, నంబరు ప్లేటు కూడా రాలేదు,” అన్నారు. తర్వాత, “ఆ ముసలావిడ పోవడం కూడా బాధే అనుకోండి,” అన్నారు.

“మెసేజ్ మీ ఫోన్‌కి ఎందుకు పెట్టించుకోలేదండీ?” అని అడిగాను.

“ఒక్క నంబరే ఇవ్వమన్నారుగా మీవాళ్ళు. నేను మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తాను. వాచ్‌మన్ అయితే ఎప్పుడూ మెలకువగా ఉంటాడు కదా అని వాడిదిచ్చాను. వాడేమో ఫోన్ చూసుకోలేదు. ఈ నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమని చెప్పేశాం. మెసేజ్ రాలేదని మీరు తేలిస్తే అది వేరే సంగతి. కానీ ఊరికే ‘రాలేదు’ అంటే కుదరదు. ఎక్కడ ఆగిపోయిందో చూపించాలి.”

సెల్లార్లోకి దిగాను. గోడల మీద నా భుజం ఎత్తున మట్టిగీత ఉంది. మెట్ల కింద గది. ఒక మంచం, ఒక గ్యాస్ పొయ్యి, తాడు మీద ఆరేసిన దుప్పట్లు. దుప్పట్లు ఇంకా వాసన వేస్తున్నాయి. నర్సింహకు నలభై ఏళ్ళుంటాయి, అచ్చంపేట వైపు మనిషి. నేనెవరో చెప్పగానే ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

“జర సూడున్రి సార్. డిలీట్ అయిన మెసేజ్ మల్లొస్తదా? దిల్‌సుఖ్‌నగర్‌ల సెల్ దుకాన్‌కు తీస్కవోయిన. ఏం లేదన్నడు. ఒచ్చి పోయిందో, అసలు రాలేదో ఆయనకు సుత ఎర్కలేదు.”

నాలుగో పెట్టె దాకా కబురు వచ్చిందన్న సంగతి నా నోటుపుస్తకంలో ఉంది. అది చెప్పలేదు. ఆ రోజు ఏం జరిగిందని అడిగాను. తల్లిని అతను అవ్వ అంటాడు.

“ఇంతకుముందు మూడుసార్లు ఒచ్చింది సార్ మెసేజ్. మూడుసార్లు తెల్లారకముందే. ఒస్తనే అవ్వను ఎత్తుకొని మీదికి పోయిన. రెండో అంతస్తుల మెట్లకాడ కుర్సేసి కూసోబెడితి. ఆమె నడవలేదు గద, పచ్చవాతం. ‘ఏందిరా, పెండ్లిపిల్ల లెక్క మోస్తున్నవ్’ అని నవ్వుతుండె. గా దినం ఇక్కడ వానే లేదు. సినుకులంతే. నాలుగు దాటినంక అవ్వకు గోలీలు అయిపోయినయని మెడికల్ షాప్‌కు పోయిన. మల్లొచ్చేవరకు సెల్లార్ల నీళ్ళు నిండినయ్. పోయేముందు ఫోన్ సూసిన సార్. సూసిన్నని నాకు యాదికున్నది. మల్ల ఒక్కోసారి సూడలేదేమో అనిపిస్తది.”

సుజాత పొయ్యి దగ్గర మాకు వీపు పెట్టి కూర్చుంది. వేరే భవనంలో ఇళ్ళపని చేస్తుంది, ఆ రోజు అక్కడే ఉంది. తిరగకుండానే అంది: “ఎప్పుడన్న సూసిండా ఫోను? ముచ్చట్లు పెట్టుకుంట తిరుగుతడు. పిట్టకు పెడితే సుత కాకి ముట్టలే.”

మా వైపు కూడా పిండం కాకికి పెడతారు. ఇక్కడ పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి ‘పిట్టకు పెట్టుడు’ అంటారు. పక్షి ముట్టేదాకా ఇంటివాళ్ళు కదలరు. బాలమ్మకు తలకాయకూర, కల్లు ఇష్టమని అవి పెట్టారట. మధ్యాహ్నం దాకా ఏ పక్షీ రాలేదు. కొడుకు మీద కోపంతో పోయిందన్నారు ఊళ్ళోవాళ్ళు. ఆనాటి నుంచి సుజాత భర్తతో నేరుగా మాట్లాడటం లేదని నాకు కాసేపట్లోనే అర్థమైంది. గ్లాసు ఇవ్వమనాలన్నా గోడకు చెప్పినట్టు చెబుతోంది.

దిల్‌సుఖ్‌నగర్

నర్సింహ నాతో వచ్చాడు. మెయిన్ రోడ్డు మీద భవనాల ముఖాలు కనిపించవు, కోచింగ్ బోర్డులే కనిపిస్తాయి. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, కంప్యూటర్ కోర్సులు, అమ్మాయిల హాస్టల్, అబ్బాయిల హాస్టల్. నా వయసు వాళ్ళు, నాకంటే చిన్నవాళ్ళు, జిరాక్స్ నోట్సు చంకలో పెట్టుకుని నిలబడి మిర్చిబజ్జీ తింటున్నారు. నాలుగు బజ్జీలు ముప్పై రూపాయలు. లోపల చింతపండు గుజ్జు కూరారు. మేము వామూ ఉప్పూ పెడతాం.

నర్సింహ బజ్జీ పట్టుకుని తినకుండా నిలబడ్డాడు. “మీ డబ్బాలల్ల ఉంటదా సార్, నాకు పంపిన్రా లేదా అని?”

“ఉండాలి అన్నా.”

“పంపిన్రని ఉంటే?”

నేను బజ్జీల డబ్బులిచ్చి నడక మొదలుపెట్టాను.

ఒక హాస్టల్ డాబా మీద, నీళ్ళ ట్యాంకుల మధ్య ఉంది తొమ్మిదో పెట్టె. దాని జాబితా వారం కంటే వెనక్కి లేదు. అన్ని కబుర్లూ చేరేది దానికే కాబట్టి, చోటు మిగలాలని దానిలో మాత్రం పాతవి చెరిపేయమని నేనే రాశాను. ఫోన్లకు మెసేజ్‌లు అందించేది వేరే సంస్థ. వాళ్ళ లెక్కలు రావాలంటే ఉత్తరాలు, సంతకాలు, కనీసం నెల. నర్సింహకు నెలాఖరు దాకా ఉన్నది తొమ్మిది రోజులు.

వెనక్కి వస్తూ ఎనిమిదో పెట్టె, తర్వాత ఏడో పెట్టె తెరిచాను. ఆ మధ్యాహ్నానికి రెండింటిలోనూ ఒక్క వరస కూడా లేదు. అవి ఏమీ వినలేదు.

రోడ్డు పక్కనే చెప్పాను. “అన్నా, మెసేజ్ నీ ఫోన్‌కి రాలేదు. ఇక్కడికే రాలేదు.”

నర్సింహ ఫోన్ తీసి చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. “గా ముచ్చట సుజాతకు మీరే చెప్పాలె సార్. నేను చెప్తే నమ్మది,” అన్నాడు.

ఎక్కడ ఆగిందో తెలిశాక చెబుతానన్నాను. నాలుగో పెట్టె విన్నది, ఏడో పెట్టె వినలేదు. మధ్యలో ఉన్నవి రెండు. ఐదోది ఒక బడి గోడ మీద. ఆరోది రోడ్డుకు ఇవతల, ఒక అరటిపండ్ల బండి స్తంభానికి. నాలుగోది ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఎక్కువ బ్యాటరీ ఉన్నదాన్ని ఎంచుకోమని రాశాను. బలమున్నవాడి మీదే బరువు పడాలి, అప్పుడే అన్నీ సమంగా అరుగుతాయి. ఆ ఆలోచన బాగుందని మా ఆఫీసులో చప్పట్లు కూడా కొట్టారు.

నాలుగో పెట్టె జాబితా ప్రకారం, ఆ మధ్యాహ్నం అది ఎంచుకున్నది ఆరో పెట్టెను. గత మూడు నెలలుగా నేను రాసిన ప్రతి నివేదికలోనూ ‘అన్నిటికన్నా ఆరోగ్యంగా ఉన్న పెట్టె’ అదే.

అరటిపండ్ల బండి

మూడో రోజు పొద్దున కట్ట పక్క రోడ్డులో బండి దొరికింది. నాలుగు ఇనుప స్తంభాలు, పైన నీలం పట్టా. ఒక స్తంభానికి కొక్కెం, కొక్కేనికి మా పెట్టె. బూజు లేదు, దుమ్ము లేదు. అంతకుముందు తెరిచిన ఏడింటి మీదా పిట్టరెట్టలున్నాయి. ఇది తుడిచి ఉంది.

అంజమ్మకు అరవై దాటి ఉంటాయి. ఇరవై ఏళ్ళు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ గేటు దగ్గర కూర్చుని అమ్మిందట. మార్కెట్ తరలిపోయాక ఇక్కడికి చేరింది. మా వైపు అరటిపండ్లు గెల నుంచి కోసిన అత్తం లెక్కన బేరమాడతాం. ఇక్కడ డజను, అరవై రూపాయలు. తగ్గించమంటే, “చెప్పులు సూస్తె గరీబోని లెక్క ఉన్నవ్, బ్యాగు సూస్తె ఆఫీసర్ లెక్క ఉన్నవ్. దేన్ని సూసి తగ్గియ్యాలె బిడ్డా?” అంది.

పెట్టె మాదేనని చెప్పాను. ఆమె ముఖం వెలిగింది.

“మీదేనా! గిన్నొద్దులకు ఒచ్చిన్రా? పెట్టినోళ్ళు ‘అమ్మా, జర సూస్తుండు’ అని పోయిన్రు, మల్ల ఒక్కడు రాలే. సూడు, ఎంత మంచిగున్నదో. ఒక్క సుక్క తడవనియ్యలే.”

“తడవనివ్వలేదా?”

“వానొస్తె ఊకుంటనా? సినుకు పడంగనే కొక్కెం తీసి పెట్టెల పెడ్త.” బండి కింద నుంచి ఒక ఇనుప ట్రంకు లాగి మూత తీసింది. లోపల పండ్లు తూచే కరెంటు కాంటా, ఒక గుడ్డ, గోనెసంచి. “కాంటా ఖరాబైతదని దాన్ని పెడ్త, దాని పక్కకే దీన్ని. వాన బందైనంక మల్ల తగిలిస్త. పొద్దున బండి తెరవకముందు వానొస్తె నేనుండ గద, గప్పుడు తడుస్తది పాపం. ఒచ్చినంక తుడుస్త.”

నేను ట్రంకు అంచు మీద చెయ్యి పెట్టాను. రేకు మందంగా ఉంది. మూత గట్టిగా బిగుస్తుంది. దానిలోంచి రేడియో బయటికి రాదు, లోపలికి పోదు.

“ఎందుకు పెట్టావమ్మా లోపల?” అని అడిగాను.

“నేను సదువుకోలే. పక్క పంచరు దుకాన్ పిలగాన్ని సదవమన్న. ఆడ రాసిన్రు గద.”

పెట్టె పక్కన మా పచ్చ స్టిక్కర్. ‘లోపల బ్యాటరీలు ఉన్నాయి. తడవనివ్వకండి.’ విశాఖ నుంచి లారీలో పంపేటప్పుడు, మూత తెరిచి బిగించేవాళ్ళ కోసం రాసిన వాక్యం. బిగించాక పెట్టె నీళ్ళలో పడేసినా ఏమీ కాదు. ఆ వాక్యం రాసింది కూడా నేనే. తెలుగులో ఉంటే అందరికీ అర్థమవుతుందని పట్టుబట్టాను.

కేబుల్ పెట్టి చూశాను. మధ్యాహ్నం పన్నెండుకు నాలుగో పెట్టె పక్కవాళ్ళిద్దరినీ ఎంత బ్యాటరీ ఉందని అడిగింది. ఐదోది ముప్పై ఎనిమిది శాతం, ఆరోది తొంభై ఏడు శాతం. బ్యాటరీ ఖర్చు తగ్గాలని ఆ ప్రశ్న ఆరు గంటలకోసారే అడగమని రాశాను. కాబట్టి సాయంత్రం ఆరు దాకా ఆరోదే దారి. మూడుంబావుకు ఇక్కడ చినుకులు మొదలయ్యాయి. ఆరో పెట్టె ట్రంకులోకి వెళ్ళింది. వాన రోజు పని దానికి అందదు, అందుకే దాని బ్యాటరీ తరగదు. బ్యాటరీ తరగదు కాబట్టి తర్వాతి వానకు మళ్ళీ దాన్నే ఎంచుకుంటాయి. నాలుగో పెట్టె చెబుతూ పోయింది. ముట్టిందా అని అడగలేదు. ముట్టిందని తిరుగు కబురు పంపడానికి కూడా బ్యాటరీ ఖర్చవుతుంది. విశాఖ బీచ్ రోడ్డులో పరీక్షించినప్పుడు ఏ కబురూ పోలేదు కాబట్టి తిరుగు కబురు నేను తీసేశాను. దానివల్ల పెట్టె ఒక ఏడాది ఎక్కువ బతుకుతుంది.

“మంచిగనే ఉన్నది గద బిడ్డా?”

“ఉందమ్మా. ఇకమీదట లోపల పెట్టకు. తడిసినా ఏం కాదు.”

ఆమె నా ముఖంలోకి చూసింది. “అయితె గిన్నొద్దులు పెట్టింది తప్పా?”

“లేదమ్మా, తప్పేం లేదు,” అన్నాను. అబద్ధం. వేలిగోటితో స్టిక్కర్ గీకి తీశాను. జిగురు మరక మిగిలితే ఆమె కొంగు తడిపి తుడిచింది. అరటిపండ్లకు డబ్బులు తీసుకోలేదు. “మా డబ్బా సార్‌వి, నీ దగ్గర పైసలెందుకు” అంది. ఆ డజను తిరుగు బస్సు ఎక్కేదాకా సంచిలోనే ఉంది, తినలేకపోయాను.

మళ్ళీ సెల్లార్లో

నోటుపుస్తకం నుంచి కాగితం చింపి వరుసగా రాశాను. ఎన్ని గంటలకు ఏ పెట్టె ఏం విన్నది, ఎవరికి చెప్పింది, ఎక్కడ ఆగింది. చివర కారణాలు. ఒకటి, తిరుగు కబురు లేకపోవడం. రెండు, ఆరు గంటలకోసారే అడగడం. మూడు, స్టిక్కర్. మూడింటి పక్కనా నా పేరు రాసి సంతకం పెట్టాను. అంజమ్మ పేరు రాయలేదు. ఒక ప్రతి సుబ్బారావు గారికిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, “మీటింగులో పెడతాను బాబూ. నలుగురూ ఏమంటారో చూడాలి. కార్ల సంగతి మరి మీవాళ్ళనే అడగాలి,” అన్నారు. నర్సింహ ఉండొచ్చా అని అడిగితే, “మీటింగు కానివ్వండి,” అన్నారు.

ఇంకో ప్రతి కిందికి తీసుకెళ్ళాను. నర్సింహకు చదవడం రాదు. సుజాత ఏడో తరగతి దాకా చదివింది. చేతులు చీరకు తుడుచుకుని కాగితం తీసుకుంది. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, పైకి చదివింది. మూడు నలభై రెండు దగ్గర ఆగింది.

“మూడు నలభై రెండుకు యాడున్నవ్?” అంది. ఇన్ని రోజుల తర్వాత అతన్ని నేరుగా అడిగిన మాట అదే అనుకుంటాను.

“ఈడనే. అవ్వకు చాయ్ పోస్తున్న,” అన్నాడు నర్సింహ. “నాలుగు దాటినంక గద నేను పోయింది.”

సుజాత మళ్ళీ కాగితంలోకి చూసింది. మిగతాదంతా చదివింది. “ఆరో డబ్బా యాడుంటది సార్?”

“కట్ట పక్క రోడ్డులో.”

“ఎవలన్న తీసిన్రా దాన్ని?”

“స్టిక్కర్ మీద నేను రాసింది చదివి తీశారమ్మా. అలా రాయడం నాదే తప్పు.”

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. “మంచిగనే సదువుకున్నరు గద సార్ మీరు,” అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అంది. తర్వాత లేచి పొయ్యి వెలిగించి, మూడు గ్లాసులు పెట్టింది. ఒకటి భర్త చేతికే ఇచ్చింది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా, మంచం వైపు చూస్తూ కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టింది.

నేను లేచేటప్పుడు నర్సింహ మెట్ల దాకా వచ్చాడు. “ఎన్నిసార్లు పంపింది సార్ అది?”

అప్పుడు చెప్పాను. అతను తలూపాడు. పెదవులు కదిలాయి, లెక్కపెట్టుకుంటున్నట్టు.

విశాఖకు తిరిగి వచ్చి నెల దాటింది. తిరుగు కబురు మళ్ళీ పెట్టాను. పక్క పెట్టెలను ఇప్పుడు పది నిమిషాలకోసారి అడుగుతాయి. బ్యాటరీలు ముందుకంటే త్వరగా అయిపోతాయి, కానివ్వండి. అపార్ట్‌మెంట్ మీటింగు ఇంకా జరగలేదు. నర్సింహ ఆ గదిలోనే ఉన్నాడు, ఎన్నాళ్ళో చెప్పలేదట. ఆరో పెట్టె కొక్కేనికే ఉంది. మొన్నటి వానలో తడుస్తూనే పనిచేసింది.

ఆ మధ్యాహ్నం నాలుగో పెట్టె ఆరో పెట్టెకు పంపిన కబుర్లు నలభై ఒకటి. ముట్టినవి సున్నా.